ఎఱ్ఱ ద్రాక్షాసవము మందగునా?



'మందు' అను తెలుగు మాటకు నేటి వాడుకలో రెండర్థములు కలవు. రోగమును పోగొట్టునది ఒకటి. సీసాలోనుండి గ్లాసులోనికి వంపుకొనునది రెండవది. ఈ రెండర్థములును వేరువేరుగా నున్నంతకాలము ఇంటిలో ఎవరికిని చిక్కు లేదు. రెండవదానిని మొదటిదాని పేరిట ఇంటిలోనికి తెచ్చినపుడే చిక్కు మొదలగును. గడచిన ముప్పది సంవత్సరములకు పైగా అట్టి గౌరవమును పొందిన పానీయము ఒకటి కలదు. అది ఎఱ్ఱ ద్రాక్షాసవము, అనగా వాడుకలోని 'రెడ్ వైను'.

"రెడ్ వైను గుండెకు మంచిదట" అను మాట పెండ్లి విందులలోను, పదవీ విరమణ సభలలోను, విదేశములనుండి వచ్చిన బంధువుల నోటను తరచు వినబడుచున్నది. ఏబది దాటిన ఉద్యోగికి రక్తపుపోటు కొంచెము హెచ్చినదని వైద్యుడు చెప్పును. ఉప్పు తగ్గింపుమనును, ఉదయము నడువుమనును. ఆ రెండును కష్టమైన పనులు. అంతలో మిత్రుడొకడు ఒక సీసాను బహుమానముగా తెచ్చి, "ఇది ఆ మందు కాదండీ, నిజమైన మందు" అనును. దినదినమును మాత్రలు లెక్కపెట్టి చేతికిచ్చు ఇల్లాలు అపుడొక ప్రశ్న వేయును: "మందయితే మోతాదెంతండీ? చీటీ రాసిన డాక్టరెవరు?" ఆ ప్రశ్నయే ఈ ప్రసంగమునకు విషయము.

మొదట ఆ పానీయములో నేమున్నదో చూడవలెను. ద్రాక్షరసములోని చక్కెరను ఈస్టు అను సూక్ష్మజీవి మద్యసారముగను, బొగ్గుపులుసు వాయువుగను మార్చుటయే పులియుట. తెల్ల వైనుకు రసమును పిండి, తొక్కను తీసివేసి పులియబెట్టుదురు. ఎఱ్ఱ వైనుకు నల్లద్రాక్షను తొక్కతోడను గింజలతోడను పులియబెట్టుదురు. తొక్కనుండి రంగును, తొక్క గింజలనుండి వగరును దిగును. ఆ రంగు ఆంథోసయనినులను పదార్థములది. నేరేడుపండు తిన్న పిల్లవాని నాలుకను నీలము చేయునదియు ఈ జాతిదే. ఆ వగరు టానినులది. కరక్కాయను కొరికినపుడు నోరు పట్టుకొనిపోవునట్లు చేయునదియు ఇట్టి పదార్థమే. సీసాలో మిక్కిలి భాగము నీరు, సాధారణముగా నూటికి 12 మొదలు 14 పాళ్ళవరకు మద్యసారము, కొంత పులుపు, అత్యల్పముగా ఈ రంగును వగరును. 12 పాళ్ళ వైను 150 మిల్లీలీటర్లు పోసిన గ్లాసులో సుమారు 14 గ్రాముల మద్యసారము కలదు. 750 మిల్లీలీటర్ల సీసాలో అట్టి గ్లాసులు అయిదు. ఈ లెక్క జ్ఞాపకముంచుకొనదగినది. ఏలయనగా, రెడ్ వైనుకు వచ్చిన కీర్తిలో పెద్దపాలు ఆ అత్యల్ప భాగము వలన వచ్చినది. శరీరము లెక్కచూచుకొనునది ఆ 14 గ్రాములను.

ఆ కీర్తి ఎట్లు పుట్టినది? 1979లో 'లాన్సెట్' అను వైద్యపత్రికలో బ్రిటిషు పరిశోధకులు 18 సంపన్న దేశముల మరణముల లెక్కలను పోల్చి, వైను ఎక్కువగా త్రాగు దేశములలో గుండెపోటు మరణములు తక్కువగా నున్నవని చూపిరి. ఫ్రాన్సు దేశీయులు వెన్న, జున్ను, మాంసము సమృద్ధిగా తిందురు; అయినను వారిలో గుండెపోటు మరణములు ఇరుగు పొరుగు దేశములలోకంటె తక్కువగా నమోదగుచుండెను. అలంకారశాస్త్రము చదివినవారు విరోధాభాసమనదగిన ఈ స్థితికి 'ఫ్రెంచి పారడాక్సు' అను పేరు స్థిరపడినది. 1991 నవంబరులో అమెరికాలోని ఒక ప్రసిద్ధ టెలివిజను కార్యక్రమము ఈ విషయమును ప్రసారము చేసినది. అందు సెర్జ్ రెనో అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, తన దేశీయుల గుండెను కాపాడునది వైనే కావచ్చునను అభిప్రాయమును తెలిపెను. ఆ వెంటనే ఆ దేశమున రెడ్ వైను అమ్మకములు ఎగబ్రాకినవి. 1992లో ఆయనయు, మరియొక సహచరుడును 'లాన్సెట్'లో వ్రాయుచు, దినమునకు 20 మొదలు 30 గ్రాముల మద్యసారమును తీసికొన్నచో గుండెజబ్బు ప్రమాదము నూటికి 40 పాళ్ళు తగ్గవచ్చుననిరి.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. వైను గుణగానము అమెరికా ఇండ్లలో వినబడిన ఆ 1991వ సంవత్సరముననే, జనవరి నెలలో, వైనుకు పుట్టినిల్లువంటి ఫ్రాన్సు ప్రభుత్వము మద్యపు ప్రకటనలను కఠినముగా కట్టడి చేయుచు ఒక శాసనము చేసినది. ఆనాటి ఆరోగ్యమంత్రి క్లోద్ ఎవాఁ పేరిట దానిని 'ఎవాఁ శాసనము' అందురు. అంతకు పూర్వమే, 1956లో, బడి భోజనశాలలలో 14 సంవత్సరముల లోపు పిల్లలకు మద్యమునిచ్చుటను ఆ దేశము నిషేధించియుండెను. దూరమున నున్నవారు ఆ గ్లాసులో గుండెకు రక్షను చూచిరి. దగ్గర నున్నవారు కాలేయపు జబ్బులను, చెడిన కాపురములను చూచియుండిరి.

అయితే, శాస్త్రజ్ఞులు ఊరక భ్రమపడిరని అనరాదు. వారి మాటకు కొంత ఆధారము లేకపోలేదు. మద్యసారము రక్తములో 'మంచి కొలెస్టరాలు' అనబడు దానిని కొంత పెంచును. రక్తము గడ్డకట్టు స్వభావమును కొంత తగ్గించును. మితముగా త్రాగువారిలో గుండెపోటు తక్కువగా కనబడినదని పెక్కు పరిశీలనలు చెప్పినవి. ప్రశ్న ఏమనగా, ఆ మేలునకు కారణము గ్లాసా, గ్లాసు పట్టుకొన్న మనిషి బ్రదుకుతీరా?

ఈ సందేహమును 1988లో బ్రిటిషు వైద్యుడు జెరాల్డ్ షేపర్ స్పష్టముగా లేవనెత్తెను. మద్యము ముట్టనివారని పట్టికలో చేర్చబడినవారిలో, పూర్వము త్రాగుచుండి జబ్బుపడి మానివేసినవారు పలువురు కలరు. వారిని ఆ వరుసలో కూర్చుండబెట్టి, ఆరోగ్యముగా నుండి అప్పుడప్పుడు త్రాగువారితో పోల్చినచో, త్రాగుటయే ఆరోగ్యమునకు హేతువువలె తోచును. అంతేగాక, భోజనముతో ఒక గ్లాసు వైను త్రాగు కుటుంబములు తరచు సంపన్నములు. కూరగాయలు, పండ్లు ఎక్కువగా తినుట, నడచుట, వేళకు వైద్యుని చూచుట వారిలో హెచ్చు. ఇన్ని మేళ్ళు చేసిన పనికి పేరు ఒక్క గ్లాసుకే దక్కినది.

ఈ చిక్కును విడదీయుటకు పుట్టుకతో వచ్చు లక్షణములు తోడ్పడినవి. తూర్పు ఆసియాలో చాలమందికి మద్యము పుచ్చుకొనగనే ముఖము ఎఱ్ఱబడి, వికారము కలుగును. అది వంశానుగతము. అట్టివారు సహజముగానే తక్కువ త్రాగుదురు; వారు తక్కువ త్రాగుటకు సంపదగాని, చదువుగాని, పూర్వపు జబ్బుగాని కారణము కాదు. చైనాలో 5 లక్షలమందిని చేర్చుకొని పెక్కు సంవత్సరములు సాగించిన గొప్ప పరిశీలన ఫలితము 2019లో వెలువడినది. ఈ వంశలక్షణమును ఆధారముగా తీసికొని చూడగా, మద్యము హెచ్చిన కొలదిని రక్తపుపోటును పక్షవాతమును హెచ్చుచునే యున్నవి. మితపానము పక్షవాతమునుండి కాపాడునన్న మాట నిలువలేదు. అచ్చట త్రాగునది ముఖ్యముగా ధాన్యమునుండి తీసిన సారాయే గాని వైను కాదు. అయినను ఏ సీసాలోనిదైనను మద్యసారము మద్యసారమే.

ఆ మీదట తొక్కలోని 'రెస్వెరట్రాలు' అను పదార్థము మిగిలినది. వైను మేలంతయు దీనిదేయని కొందరు చాటిరి. ఎఱ్ఱ వైను లీటరులో ఇది కొద్ది మిల్లీగ్రాములకు మించదు. పరిశోధనలలో కొన్నిట మనుష్యులకు ఒక గ్రాము వరకు ఇచ్చి చూచిరి. అంత మొత్తమును వైనునుండి పొందవలెనన్నచో వందల లీటర్లు త్రాగవలెను. ఇటలీలో వైనుకు పేరుపొందిన కియాంతి ప్రాంతమున రెండు ఊళ్ళలో 65 సంవత్సరములు దాటిన 783 మందిని తొమ్మిదేండ్లు గమనించిరి. ఆహారమునుండి ఎక్కువ రెస్వెరట్రాలు పొందినవారికిని, తక్కువ పొందినవారికిని ఆయుర్దాయములోగాని, గుండెజబ్బులోగాని, క్యాన్సరులోగాని భేదము కనబడలేదని 2014లో ప్రకటించిరి. ఇంకొక సంగతి: రెస్వెరట్రాలు గుణములను గూర్చి విరివిగా వ్రాసిన ఒక పరిశోధకుడు తన వ్రాతలలో 145 చోట్ల లెక్కలను, చిత్రములను తారుమారు చేసెనని ఆయన పనిచేసిన అమెరికా విశ్వవిద్యాలయమే విచారణ జరిపి 2012లో వెల్లడించినది. వేరుసెనగ గింజలలోను ఈ పదార్థము స్వల్పముగా కలదు. అయినను వేరుసెనగకు ఎవరును పదవీ విరమణ సభలో బహుమానపు సీసా గౌరవమును ఇచ్చుట లేదు.

ఇక హాని మాట. మద్యపానీయములు క్యాన్సరును కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1988లోనే మొదటి తరగతిలో చేర్చినది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేగు, స్త్రీల రొమ్ము ఇందుకు గురియగు భాగములు. సీసా వెల హెచ్చైనను, రంగు మనోహరమైనను ఈ తీర్పు మారదు. ఆరోగ్యమునకు హాని లేని మద్యపు పరిమాణము ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించినది. ఇక రక్తపుపోటు కలవానికి గుండెమందని ఇచ్చు సీసాలోని మద్యసారము, ఆ రక్తపుపోటునే పెంచును. ఫ్రాన్సులో 1960 ప్రాంతమున మనిషి ఒక్కింటికి సంవత్సరమునకు 100 లీటర్లకు పైగా వైను ఖర్చగుచుండెను. నేడు అందు సగము కూడ లేదు. ఈ మధ్యకాలమున ఆ దేశీయుల ఆయుర్దాయము తగ్గలేదు, పెరిగినది.

గుండె మాట ఇట్లుండగా, ఆ గ్లాసు గుండెకు చేరుటకు ముందు దాటవలసిన గుమ్మము నోరు. అచ్చటి కావలివారు దంతములు.

వైనులోని ముఖ్యమైన పులుపు టార్టారిక్ ఆమ్లము. ఇది తెలుగువారికి పరాయిది కాదు. చింతపండు పులుపులో ప్రధానమైనది ఇదియే. పచ్చి చింతకాయ నమిలిన పిల్లలకు పళ్ళు పులిసిపోయి, ఆ పూట అన్నము నమలుటయే కష్టమగును. దంతముపై ఎనామెలు అను తెల్లని గట్టి పూత కలదు. శరీరమున దానికంటె గట్టి పదార్థము లేదు. బరువున నూటికి 96 పాళ్ళు ఖనిజమే. అంత గట్టిదియు పులుపునకు లొంగును. పులుపును కొలుచు పి.హెచ్. అను మానమున అంకె ఒకటి తగ్గినచో పులుపు పదిరెట్లగును. సుమారు 5.5 కంటె తగ్గినపుడు ఎనామెలు కరగ నారంభించును. వైను పి.హెచ్. 3కును 4కును నడుమ నుండును. 3.5 గల వైను ఆ హద్దుకంటె నూరురెట్లు పుల్లన. చారు, పులుసు కూడ పుల్లనివే. అయితే వానిని అన్నముతో కలిపి, నమిలి, వెంటనే మ్రింగుదురు. నమలుటచే ఊరిన లాలాజలము పులుపును కడిగివేసి, కరగిన ఖనిజమును కొంత తిరిగి చేర్చును. వైనును గుటక గుటకగా గంటల తరబడి చప్పరించుటలో లాలాజలమునకు ఆ విరామము దొరకదు. పైగా మద్యసారము నోటిని ఎండించును. ఎనామెలులో జీవకణములు లేవు; ఎముక విరిగిన అతుకుకొనును గాని, అరిగిపోయిన ఎనామెలు మరల పెరుగదు. అది పలుచనైన కొలదిని లోపలి పసుపుఛాయ పొర బయటపడి, చల్లనిది తగిలినను వేడిది తగిలినను జివ్వుమనును.

ఇందుకు సాక్షులు ఒక దేశపు ప్రభుత్వ మద్య వ్యాపార సంస్థలో రుచిచూచుట వృత్తిగా గలవారే. స్వీడనులో అట్టి 19 మందిని పరీక్షించి, 14 మందికి దంతములు పులుపుచే కరగియున్నవని 1997లో ప్రకటించిరి. వారు దినమునకు 20 మొదలు 50 రకముల వరకు, వారమున దాదాపు అయిదు దినములు రుచి చూచుచుండిరి. కొలువు సంవత్సరములు పెరిగిన కొలదిని దంతముల కోతయు పెరిగినది. రుచి చూచుట వృత్తిగా గలవారు సాధారణముగా వైనును నోట పుక్కిలించి ఉమియుదురు. మ్రింగకపోయినను పళ్ళు మూల్యము చెల్లింపక తప్పలేదు.

రంగు సంగతి అందరికిని కనబడునదే. పులుపు ఎనామెలును గరుకు చేయును. లాలాజలపు పలుచని పొరలోని మాంసకృత్తులకు టానిను అంటుకొనును. ఆ టానినును పట్టుకొని రంగు నిలుచును. తెల్ల వైనులో రంగు లేకున్నను పులుపు తరచు ఎక్కువ; అది గరుకు చేసిన పంటికి తరువాత త్రాగిన తేనీటి రంగు మరింత గట్టిగా పట్టును.

న్యాయము కొరకు మరియొక పక్షమును చెప్పవలెను. రెడ్ వైను పంటిపుచ్చును కలిగించు సూక్ష్మజీవులను చంపునని పత్రికలు వ్రాసినవి. అది పూర్తిగా కల్ల కాదు. ఇటలీలోని పావియా విశ్వవిద్యాలయమువారు 2007లో ప్రయోగశాలలో దానిని చూపిరి. అయితే, ఆ సూక్ష్మజీవులను చంపినది తొక్కలోని రంగు కాదు, వగరు కాదు, వైనులోని పులుపులే. అనగా, పంటికి మేలు చేయునని పొగడబడిన వస్తువును, పంటిని కరగించు వస్తువును ఒక్కటియే. దొంగను తరుముటకు ఇంటి గోడను పడగొట్టుట వంటిది ఈ మేలు.

నోటి విషయమున రంగుకంటె, కోతకంటె పెద్ద ముప్పు ఒకటి కలదు. మద్యసారమును నోటిలోని సూక్ష్మజీవులు అసిటాల్డిహైడు అను విషముగా మార్చును. అది క్యాన్సరునకు హేతువు. పాచి, గార పేరుకొని శుభ్రత లేని నోటిలో ఆ విషము ఇంకను ఎక్కువగా తయారగును. దీనికి పొగాకు తోడైనచో ప్రమాదము కూడికగా గాక హెచ్చవేతగా పెరుగును. పొగాకు లేకున్నను వక్క కూడ క్యాన్సరు కారకమేయని పైన చెప్పిన సంస్థ 2004లో ప్రకటించినది. భారతదేశమున పురుషులలో అధికముగా కనబడు క్యాన్సర్లలో నోటి క్యాన్సరు ముందు వరుసలోనిది. విందులో గ్లాసు, విందు తరువాత జరదా కిళ్ళీ అను అలవాటు ఎంత ప్రమాదమో వేరుగా చెప్పనక్కరలేదు. నోటిలో రెండు వారములకు మానని పుండు, తెల్లని లేక ఎఱ్ఱని మచ్చ కనబడినచో జాగు చేయక దంతవైద్యునకు చూపవలెను.

కొందరు ఇంటిలోని ద్రాక్షారిష్టమును ఉదాహరణగా చూపుదురు. అదియు పులిసినదే, అందును మద్యసారము కలదు. అయితే దానిని వైద్యుడు చెప్పిన రోగమునకు, చెప్పినన్ని దినములు, చెంచాలతో కొలిచి ఇత్తురు. మోతాదు, గడువు, బాధ్యత వహించు మనిషి, ఈ మూడును లేనిదానిని ఔషధమనుట మాటను చెరచుట.

కావున ఆచరణకు వలయు మాటలు కొన్ని. త్రాగని అలవాటున్నవారు ఆరోగ్యము పేరిట కొత్తగా మొదలుపెట్టరాదు. గుండెజబ్బుల వైద్యసంఘములును ఇట్లే చెప్పుచున్నవి. ద్రాక్షలోని మేలు కావలసినచో ద్రాక్షపండ్లే కలవు. నేరేడు, తొక్కతో వండిన వంకాయ, ఆకుకూరలు కలవు. త్రాగువారు దానిని తక్కువ చేసికొన్నకొలది మంచిది. వైద్యుడు అడిగినపుడు దాచకుండుట అవసరము. చిగుళ్ళ వాపునకు దంతవైద్యులు తరచు వ్రాయు మెట్రొనిడజోలు మాత్ర వాడుచున్నపుడు మద్యము కూడదు. గర్భిణులకు అసలే కూడదు. పంటి రక్షణకొరకు వైనును నోట నిలుపరాదు. నడుమ నడుమ నీరు త్రాగవలెను. ముగించిన పిమ్మట నీటితో పుక్కిలించవలెను. వెంటనే పళ్ళు తోమరాదు. మెత్తబడిన ఎనామెలును కుంచె గీచివేయును. అరగంట మొదలు గంట వరకు ఆగి తోమవలెను.

భారత రాజ్యాంగము 47వ అధికరణము, ఔషధ ప్రయోజనమునకు తప్ప, మత్తుపానీయముల వినియోగమును నిషేధించుటకు రాజ్యము యత్నింపవలెనని ఆదేశించుచున్నది. రాజ్యాంగ నిర్మాతలు ఔషధము కొరకు ఒక చిన్న తలుపు తెరచియుంచిరి. రెడ్ వైను ఆ తలుపున దూరుటకు చేసిన యత్నము ముప్పదియేండ్ల పరిశీలనలో నెగ్గలేదు.

ఆ ఇల్లాలి ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. మోతాదు ఎవరును నిర్ణయింపలేదు. చీటీ వ్రాసిన వైద్యుడు లేడు. బహుమానముగా వచ్చిన సీసాను ఏమి చేయవలెనో ఆ ఇంటివారు నిర్ణయించుకొందురు. ఆమె దినదినమును లెక్కపెట్టు మాత్రల డబ్బా ప్రక్కన మాత్రము దానికి చోటు లేదు.